ఆదివారం ఎవరొస్తారు సార్?

ఆదివారం ఉదయం పదింటికి కటింగ్ మాస్టర్ చేతిలోంచి కత్తెర జారిపడింది. మూతి ఓ పక్కకి లాగేసింది. కుడి చెయ్యి గుడ్డపీలికలా వేలాడింది.

"కాసేపు పడుకోబెడదామా?" అంది మాస్టర్ భార్య.

"పక్షవాతం వదినా! పడుకోబెడితే ఇంక లేవడు," అని తమ్ముడు అన్నను ఎత్తుకెళ్లి తన సర్వీసు వ్యాన్‌లో కూర్చోబెట్టాడు. తమ్ముడు ఏసీ మెకానిక్. పెద్దాసుపత్రిలో ఏసీలన్నీ చూసేది అతనే. ఆ ధీమాతోనే పదిన్నరకల్లా అక్కడ దించాడు.

డ్యూటీలో ఉన్న చిన్న డాక్టరమ్మ గబగబా చూసింది. "తొందరగా తెచ్చారు. నాలుగున్నర గంటల్లోపు ఇంజక్షన్ పడితే చెయ్యీ మాటా తిరిగి రావచ్చు. కానీ ముందు స్కాన్ తియ్యాలి. లోపల గడ్డ అడ్డుపడిందో, రక్తం కారుతోందో తెలీకుండా ఇస్తే మనిషే పోతాడు."

స్కాన్ గదికి తాళం. టెక్నీషియన్ ఇంటి దగ్గర. ఫోన్ చేస్తే "బయల్దేరా" అన్నాడు. గంట తర్వాత చేస్తే మళ్లీ "బయల్దేరా" అన్నాడు.

మెకానిక్‌కి అరికాలిమంట నెత్తికెక్కింది.

"అరవకండి, ఆదివారం కదా," అంది నర్సు.

"ఆదివారమని మా అన్న మెదడు సెలవు పెట్టిందా సిస్టర్? ఏయే రోజుల్లో పడిపోవాలో గేటు మీద రాసి పెట్టండి, చదువుకుని పడతాం!"

పన్నెండున్నరకి టెక్నీషియన్ వచ్చి తలుపు తీశాడు. లోపల్నుంచి వేడి మొహాన కొట్టింది.

"ఇంత వేడిలో మిషన్ ఆన్ కాదు. ఏసీలో మోటారే లేదు. ఎవడో ఊడదీసుకుపోయాడు!"

ఆ ఎవడో అక్కడే నిలబడి ఉన్నాడు. మెకానికే, చేతిలో వ్యాన్ తాళాలతో.

ఆ గదికి రెండు ఏసీలు. ఒకటి చచ్చి ఏడాదైంది. మార్చమని అతను చెప్పని రోజు లేదు, సూపరింటెండెంట్ చెవిన వేసుకున్న రోజూ లేదు. రెండోదాన్ని శుభ్రం చెయ్యడానికి ఎప్పుడు ఆపాలన్న మాటొచ్చినప్పుడు మాత్రం ఉపాయం అతనే చెప్పాడు. "ఆదివారం ఎవరొస్తారు సార్? శనివారం సాయంత్రం మోటారు పట్టుకెళ్తా. తీరిగ్గా శుభ్రం చేసి సోమవారం బిగిస్తా." సూపరింటెండెంట్ భుజం తట్టాడు. ఏడాదిగా నెలకోసారి అదే పద్ధతి.

మోటారు ఊరికి ఆ చివర, అతని షెడ్డులో ఉంది.

వ్యాన్ ఎలా తోలాడో అతనికే తెలియదు. తెచ్చి బిగిస్తుంటే తొందరలో మర రెండుసార్లు జారిపడింది. గది చల్లబడి, స్కాన్ అయ్యేసరికి మూడూ పది.

డాక్టరమ్మ బొమ్మ చూసింది, గోడ గడియారం చూసింది. పెద్ద డాక్టరుకి ఫోన్ చేసి మాట్లాడింది. "గడ్డే. కానీ టైము దాటిపోయింది. ఇప్పుడిస్తే ప్రమాదం. పెద్దాయన రేపొచ్చి చూస్తారు."

"రేపెందుకమ్మా, చూసి సంతాపం చెప్పడానికా?"

ఆమె తల దించుకుంది. ఆ ఆసుపత్రిలో ఆ పని చేసింది ఆమె ఒక్కతే.

సోమవారం పొద్దున ఆసుపత్రి నిండా డాక్టర్లే. మాస్టర్ కుడి చెయ్యి కదల్లేదు. నోట "ఓ... ఓ..." తప్ప మాట లేదు. సూపరింటెండెంట్ ఇస్త్రీ చొక్కాలో వచ్చి, "పాపం, అలా రాసిపెట్టుంది," అన్నాడు.

"రాసిపెట్టలేదు సార్. ఇప్పుడు రాస్తా. ఫిర్యాదు!"

"ఎవరి మీదయ్యా? ఆదివారం ఆపమన్నది నువ్వే కదా. రిజిస్టర్‌లో నీ సంతకముంది."

"ఉంది. అందుకే మొదటి పేరు నాదే రాస్తున్నా. రెండోది మీది. ఒప్పుకున్నది మీరే కదా!"

సూపరింటెండెంట్ పక్క వార్డుకి వెళ్లిపోయాడు.

మెకానిక్ అన్న మంచం అంచునే కాగితం పెట్టుకుని, ఐదో తరగతితో ఆగిపోయిన రాతతో మొదలుపెట్టాడు. పెన్ను కాగితాన్ని చీల్చేలా దిగుతోంది. కాగితం పక్కకి జరిగిపోతోంది.

మాస్టర్ ఎడమ చెయ్యి మెల్లగా పాకుతూ వచ్చింది. కత్తిరించేటప్పుడు గుడ్డ కదలకుండా నొక్కిపట్టే చెయ్యి అది. వచ్చి కాగితాన్ని నొక్కిపట్టింది.