సంచి అడుగున ముడి

గుహ లోపల, నిలువుగా కిందికి దిగిన సొరంగం అంచున కూర్చుని తమ్ముడు ఎప్పుడూ అడిగేదే అడిగాడు.

“అక్కా, చివర ముడి వేశావా?”

“నిన్నగాక మొన్న పుట్టానేంట్రా నేను? దిగు ముందు.”

ఇరవై రెండేళ్లుగా వాళ్లిద్దరి మధ్య ఈ ప్రశ్నా, ఈ కసురూ నడుస్తూనే ఉన్నాయి. పొద్దున్నే పళ్లు తోముకోవడం ఎంతో, ఇదీ అంతే. అతన్ని అందరూ గబ్బిలం అంటారు, ఆమెని తాళ్ళక్క అంటారు. ఆమె తాళ్లు కడుతుంది, అతను ముందు దిగుతాడు. అతను కిందికి చేరి విజిల్ వేశాక మిగతావాళ్లు దిగాలి. ఇవాళ ఆ మిగతావాళ్లంటే ఒక్కరే, అడుగున పారే నీటిని కొలవడానికి వచ్చిన కొలతలావిడ.

“భయపడకండి మేడమ్,” అన్నాడు గబ్బిలం, నడుముకున్న బ్రేకులో తాడు ఎక్కిస్తూ. “మా అక్క వేసిన ముడి, మా అక్కకొచ్చిన కోపం, రెండూ ఓ పట్టాన వదలవు.”

“వాగింది చాలు. నిచ్చెన మీద కాలు జాగ్రత్త.”

అంచు దగ్గర రాయి పొట్ట ఉబ్బినట్టు ముందుకు పొడుచుకొచ్చి ఉంది. పైకొచ్చేటప్పుడు అక్కడ తాడు పట్టుకుని ఎక్కడం కష్టం. అందుకని ఆ నాలుగు మీటర్లకీ తీగ నిచ్చెన వేలాడదీసింది. దాని పుల్లలన్నీ ఒక్కొక్కటే గుంజి చూసింది. తాడుని రాతిలో దిగ్గొట్టిన రెండు బోల్టులకు కట్టింది, రాయి ఒరుసుకునే చోట పాత గోనెగుడ్డ చుట్టింది. అవన్నీ తమ్ముడు మళ్లీ చూశాడు. కట్టిన చేయి వేరు, చూసే కన్ను వేరు ఉండాలని వాళ్ల నాన్న పెట్టిన పద్ధతి అది. చూడనిది ఒక్కటే, తాడు చివర. అది అతని నడుము నుంచి కింద వేలాడే తాడు సంచి అడుగున ఉంది. సంచిలోకి ముందు వెళ్లేది చివరే, బయటికొచ్చేది ఆఖరున. దిగే మనిషి లెక్క తప్పి తాడు అయిపోతే బ్రేకు ఆ ముడికి తగిలి ఆగుతుంది. ముడి లేకపోతే తాడు బ్రేకులోంచి జారిపోతుంది, మనిషీ దానితో పాటే పోతాడు.

దిగేకొద్దీ అతని దీపం చుక్కంతై, ఆరిపోయినట్టు కనబడకుండా పోయింది. కిందనుంచి నీటి హోరు ఒక్కటే వస్తోంది. బోల్టుల దగ్గర తాడు బిగుసుకుని సన్నగా వణుకుతోంది.

తాళ్ళక్క చేతులు ఊరికే ఉండవు. కొలతలావిడ కోసం తెచ్చిన ఇరవై మీటర్ల తాడు తీసి, చేతులు బారచాపి కొలవసాగింది. ఆమె బారకి అది పన్నెండు దాటి రావాలి. పదకొండూ ఒక జానెడు వచ్చింది.

మళ్లీ కొలిచింది. పదకొండూ జానెడే.

కొత్త తాడు మొదట నీళ్లు తగలగానే కుదించుకుపోతుంది. అందుకే నానబెట్టి, నీడన ఆరబెట్టి, అప్పుడు కొలిచి కోయాలి. ఈ తాడు చుట్ట కొన్ని నెలల కిందట వేరే పని ముందురోజు వచ్చింది. తమ్ముడు తొందరపడి ఇరవై మీటర్లది ఒకటీ, వంద మీటర్లది ఒకటీ పొడిగానే కోసి కొలత చీటీలు అంటించాడు. ఆ తర్వాత మూడుసార్లు బురద పట్టిన ఆ తాళ్లని టబ్బులో వేసి ఉతికింది తనే. చీటీని చూసింది గాని, తాడుని కొలవలేదు. ఇంతకుముందు దిగినవన్నీ చిన్నవి, తేడా బయటపడలేదు. ఇక్కడ తొంభై ఏడు మీటర్లు కావాలి. కింద ఉన్నది తొంభై ఒకటి. ఆ మిగిలిన ఆరు మీటర్ల కింద కత్తుల్లాంటి రాళ్లు.

పోనీలే, ముడి ఉంది కదా అనుకుంది.

ఉందా?

నిన్న వరండాలో కూర్చుని ముడి వేద్దామని తాడు చివర చేతిలోకి తీసుకుంది. మరదలు, గబ్బిలం భార్య, ఎదురుగా కూర్చుని “ఈ చివర ముడి దేనికి వదినా?” అని అడిగింది. “తాడు అయిపోయిందని మీ ఆయనకి చెప్పడానికి,” అంది తను. అంతలో ఫోన్ మోగింది. లేచింది. తిరిగొచ్చేసరికి మరదలు సాయం చేద్దామని సగం తాడు సంచిలో కూరేసింది. మిగతాది తను కూరింది. ఫోన్‌కి ముందు ముడి వేసిందా? వేళ్లకి వేసినట్టే గుర్తుంది. కానీ వేళ్లు వెయ్యిసార్లు వేశాయి, ఏ రోజు వేశాయో వాటికేం తెలుసు?

విజిల్ ఒక్కసారి ఊదింది. ఆగమని. హోరు దాన్ని మింగేసింది. మళ్లీ ఊదింది. మళ్లీ.

“ఏమైందండీ?” అంది కొలతలావిడ.

తాళ్ళక్క తాడు మీద అరచేయి వేసి కూర్చుంది. బరువుంది. వణుకు ఉంది. ఉన్నట్టుండి తాడు ఒక్క కుదుపు కుదిపి, వణుకు ఆగిపోయింది.

బరువు మాత్రం అలాగే ఉంది.

ఎంతసేపటికో తాడు అడుగడుగుకీ గుంజుకోవడం మొదలైంది. ఎక్కుతున్నాడు. ముప్పావుగంట ఆమె ఆ చెయ్యి తీయలేదు. నిచ్చెన మీద నుంచి అతని తల పైకొచ్చేసరికి ఆమెకి కాళ్లు పట్టేశాయి.

“తాడు చాల్లేదక్కా! నేను కోసినప్పుడు సరిగ్గా వందే కదా?” అన్నాడు రొప్పుతూ. “ముడి దగ్గర ఒక్క కుదుపుతో ఆగా. ఇంకాస్త స్పీడుగా వెళ్లుంటే నడుము విరిగేది.”

ఆమె తాడు మొత్తం పైకి లాగింది. చివర వచ్చింది. పప్పు సంచి మూతి కట్టినట్టు ఒక్క మెలికతో వేసిన ఉత్త ముడి. బరువుకి జారి జారి చివరకి వచ్చేసింది. ముడికి అవతల మిగిలిన తాడు రెండు వేళ్ల వెడల్పు.

గబ్బిలం నవ్వబోయాడు. “ఇదేం ముడక్కా? నీకూ వయసు...” అంటూ ఆగిపోయాడు.

“ఇది నాది కాదురా. మీ ఆవిడది.”

గబ్బిలం ఆ ముడిని వేళ్లతో తిప్పి చూశాడు.

“ఇందాక అడిగితే వేశానన్నావు కదా?”

“వేశానన్లేదు.”

“అవును,” అన్నాడు. “అన్లేదు.”

కొలతలావిడ ఇద్దరి మొహాలూ చూసి, తన నడుము పట్టీ మెల్లగా విప్పడం మొదలెట్టింది. తాళ్ళక్క ఆ ముడి ఊడదీసి తన ముడి వేద్దామని చూసింది. గోళ్లతో పీకినా రాలేదు, రాయిలా బిగుసుకుపోయింది. కత్తి తీసి ముడి ఉన్న మేర కోసేసింది. తాడు ఇంకో జానెడు తగ్గింది. కొత్త ముడి వేయసాగింది, మెలిక మీద మెలిక, నాన్న నేర్పినట్టే.

పక్కనే నిలబడ్డ తమ్ముడు ఇరవై రెండేళ్లలో మొదటిసారి ఆమె మొహం వైపు చూడకుండా, ఆమె చేతులు చూస్తున్నాడు.