సారు పక్కన పరుగు

భిక్షపతి మూడో అంతస్తు తలుపు రెండోసారి కొట్టాడు. రామమోహనరావు ఇంకా దుప్పటి కిందే ఉంటాడని అతనికి తెలుసు. షుగరు వచ్చిన ఈ రిటైర్డ్ బ్యాంకు మేనేజరు ఎన్నోసార్లు పరుగు మొదలుపెట్టి, వారం తిరక్కుండా మానేశాడు. లేపే పనీ, నీళ్ల సీసా పట్టుకుని వెనకాల పరిగెత్తే పనీ వాచ్‌మన్ భిక్షపతికి అప్పజెప్పాకే అలవాటు కుదిరింది. "అంతా క్రమశిక్షణండీ" అని అపార్టుమెంటులో అందరికీ చెబుతాడు. ఆ క్రమశిక్షణ రాత్రంతా గేటు దగ్గర మేలుకుని కూర్చుంటుందన్న సంగతి మాత్రం చెప్పడు.

భిక్షపతివి నల్లగొండ ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన కాళ్లు. మోకాళ్లు సరిగా వంగవు. మెట్లు పక్కకు తిరిగి దిగుతాడు. ఈమధ్య పరిగెత్తితే ఎడమ చెయ్యి కూడా లాగుతోంది. మొన్న "పానం బాగుంటలేదు సార్, పరుగుకు రాను" అంటే రామమోహనరావు కోప్పడలేదు.

"సరేలే, వేరే వాచ్‌మన్‌ని చూసుకుంటాం" అన్నాడంతే. అపార్టుమెంటు సంఘానికి అధ్యక్షుడు ఆయనే. భిక్షపతికి కూతురు మౌనిక ఇంటర్ పూర్తయ్యేదాకైనా తాముండే మెట్ల కింది గది నిలవాలి. మర్నాడు భిక్షపతి మామూలుగానే వచ్చి తలుపు కొట్టాడు.

ప్రత్యేక రాష్ట్రం కోసం ఇవాళ తెలంగాణ బంద్.

"ఇయ్యాల వద్దు సార్" అన్నాడు.

"ఒక్కరోజు మానితే మళ్లీ మొదటికొస్తుందయ్యా. నువ్వు వెనకాల కాదు, నా పక్కనే ఉండు. ఎవరైనా ఆపితే నువ్వే మాట్లాడు. నా కోస్తా యాస వింటే ఊరుకోరు."

దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీద టైరు తగలబెట్టి కూర్చున్న కుర్రాళ్లు ఆపనే ఆపారు. "ఏ ఊరే నీది?" అన్నాడొకడు తెల్లబూట్లాయన్ని ఎగాదిగా చూసి. రామమోహనరావు భిక్షపతి వెనక్కి జరిగాడు.

"మా మామ తమ్మీ. నల్లగొండనే. షుగరున్నది, పోనియ్యుండ్రి" అన్నాడు భిక్షపతి.

వదిలారు. మామ మాత్రం అల్లుడి కోసం ఆగలేదు. భయంతో ఇంటిదాకా ఉరికాడు. భిక్షపతి ఛాతీ మీద బండ పెట్టినట్టుంది. అయినా సారును ఒంటరిగా వదిలేస్తే గది దక్కదని తెలుసు కాబట్టి కాళ్లీడుస్తూ పక్కనే పరిగెత్తాడు.

గేటు దగ్గర రామమోహనరావు వాచీ చూసుకుని మురిసిపోయాడు. "ఎప్పుడూ ఇంత వేగం లేదయ్యా. రేపట్నుంచి ఇదే పద్ధతి."

"అట్లనే సార్" అని భిక్షపతి ఆయన కారు కడగడానికి వెళ్లాడు. భార్య అరుణమ్మ చాయ్ తెచ్చేసరికి చక్రానికి ఆనుకుని కూర్చున్నాడు. పిలిస్తే పలకలేదు. భుజం పట్టుకుంటే పక్కకు ఒరిగిపోయాడు.

బంద్ కావడంతో శవాన్ని ఊరికి చేర్చే బండి దొరికేసరికి సాయంత్రమైంది. రామమోహనరావు కిందికి దిగి వచ్చాడు. ఆయన కళ్లలో నీళ్లు నిజమైనవే.

"దినాలయ్యాక వచ్చెయ్యమ్మా, గది మీదే. కాకపోతే పొద్దున్నే నన్ను లేపాలి. మౌనికను వెంట పంపు. చిన్నపిల్ల, బాగానే పరిగెత్తుతుంది."

తండ్రి తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్న కూతురి వైపు అరుణమ్మ ఒకసారి చూసింది.

"అట్లనే సార్" అంది.

బండి కదిలిపోయింది. కారు అద్దం సగందాకే శుభ్రంగా ఉంది. మిగతా సగం మీద తుడుపుగుడ్డ అతుక్కుని ఎండిపోయింది.