నా కోసం వదిలిన ఖాళీ

కిటికీ చువ్వలు తడిగుడ్డతో తుడిచాను. గుడ్డ నల్లబడింది. పోర్టులో బొగ్గు దించుతున్నంతకాలం వన్‌టౌన్‌లో నా ఉద్యోగానికి ఢోకా లేదు. జీతమే లేదు, అంతే.

"మిరియం, ఖాళీగానే ఉన్నావు గదా, ఆ థీసిస్ ఓపాలి సూసీ" అన్నాడు ఆనందకుమార్ చెప్పులేసుకుంటూ. నా భర్త. గాజువాకలో ఫిజిక్స్ లెక్చరరు. పాలపుంత వెనక దాగిన క్వేజార్ల మీద అతని పీహెచ్‌డీ.

ఎమ్మెస్సీలో నాకే ఎక్కువ మార్కులు. రీసెర్చి సీటు ఇద్దరికీ వచ్చింది. "ఒక్కింట్లో రెండు పీహెచ్‌డీలేటి? మరి వండీవోలెవులు?" అన్నారు అత్తగారు ఫ్లోరెన్సమ్మ. ఆ ప్రశ్న ఫిజిక్సు సిలబస్‌లో లేదు; నా సీటు వదులుకున్నాను.

క్వేజారంటే ఓ దూరపు గెలాక్సీ నడిబొడ్డున లక్షల కోట్ల సూర్యుళ్లంత వెలుగుతో మండే కుంపటి. ఆకాశపటంలో వాటిని గుర్తుపెట్టుకుంటూ పోతే నడుమ ఒక పట్టీ ఖాళీగా మిగిలిపోతుంది. అక్కడ లేక కాదు. మన పాలపుంత ధూళి అడ్డం. అంత మంటా మనకి మసకబారిన ఎర్రచుక్కలా, పక్కనున్న మామూలు నక్షత్రంలా కనిపిస్తుంది. పట్టుకునే ఉపాయం ఒకటుంది. నక్షత్రాలు ఏళ్లు గడిచేకొద్దీ వెంట్రుకవాసి జరుగుతాయి. క్వేజారు మరీ దూరం కాబట్టి ఉన్నచోటే ఉంటుంది. అంటే కదలనిదాన్ని వెతకాలి. పదకొండేళ్లుగా వంటింటికీ ఈ కిటికీకీ మధ్యే ఉన్నదాన్ని, ఈ పనికి నన్ను మించిన అర్హురాలెవరు?

కుక్కరు కూతకీ కూతకీ మధ్య అతని కంప్యూటర్లోని ఆకాశపటాల్లో పదేసి చుక్కలు చూసేదాన్ని. చివరికి నలభై రెండు తేలాయి. ముప్ఫై ఎనిమిది నేను పట్టినవి, నాలుగు అతను పట్టినవి. పెద్ద టెలిస్కోపు వాళ్లు వర్ణపటాలు తీసి చూశారు. నావన్నీ క్వేజార్లే. అతని నాలుగూ నక్షత్రాలు. ఆ ఆదివారం అత్తగారు చర్చిలో లేచి సాక్ష్యం చెప్పారు: "మా బాబు ముప్పై ఎనిమిది సుక్కలు కనిపెట్టాడు, దేవునికి స్తోత్రం." నేనూ ఆమేన్ అన్నాను.

థీసిస్ టైపు చేసిందీ నేనే. మిగిలింది కృతజ్ఞతల పేజీ. గైడుకి నాలుగు లైన్లు, ప్రిన్సిపాలుకి రెండు, బండి మీద దింపే అర్జునరావు బావకి ఒకటి. చివర "నా భార్యకు", ఆ తర్వాత చుక్కలు.

"అక్కడ నీకోసం ఖాళీ ఒగ్గీసేను. టీ ఇచ్చింది, ఓపిక పట్టింది, అలాటిదేదో నువ్వే రాసీ" అన్నాడు గుమ్మంలోంచి. "పనంతా నాదేనన్న డిక్లరేషన్ మీద సంతకం పెట్టీసేను. ఇయ్యాలే బైండింగుకి ఇచ్చీ."

"ఏటి సేత్తన్నావ్ మిరియం? సేపలెవులు తోముతారు?" లోపలినుంచి అత్తగారు.

"ఒక్క లైను రాసి వస్తానత్తయ్యా."

చేతులు తుడుచుకుని చుక్కలు చెరిపాను. "నా భార్య మిరియంకు: ఈ పుస్తకంలోని ముప్ఫై ఎనిమిది క్వేజార్లనూ పట్టింది తనే. నేను పట్టిన నాలుగూ నక్షత్రాలు."

ప్రింటు తీసి, ఐదు కాపీలూ బైండింగుకిచ్చి వచ్చాకే చేపలు తోమాను. మధ్యాహ్నం అతని ఫోను.

"ఇచ్చీసేవా? ఆ ఖాళీలో ఏటి రాసేవ్?"

"ఉన్నదే రాశానండీ."

"అదే, టీయే గదా" అని నవ్వి పెట్టేశాడు.