మంగళవారం మందు

నాకు ముక్కు మీదే కోపం. అది ఐలవ్వకూ తెలుసు. అయినా ఎనిమిది నెలలు నన్ను మోసం చేసింది.

పందొమ్మిది వందల అరవై రెండు నాటి సంగతి. కుష్టు నివారణ పనిలో నాకు వేములవాడ చుట్టుపక్కల పల్లెలు అప్పగించారు. ప్రతి మంగళవారం సైకిల్ మీద వెళ్ళి, ఊరి బయట గుడిసెలో ఒక్కతే ఉండే ఐలవ్వకు వారానికి సరిపడా గోలీలు ఇచ్చేవాణ్ణి. తెల్లవి మచ్చలకు, ఎర్రవి బలానికి. కళ్ళు మూసుకోమని, చేయి పట్టుకుని, వేళ్ళ మీద దూది ఆనించి "తెలుస్తుందా?" అని అడగడం కూడా నా పనే. ఆమెకు ముప్పై అయిదేళ్ళుంటాయేమో. మచ్చ కనబడగానే మొగుడు రాయమల్లు ఆ గుడిసె వేసిచ్చి, ఏడాది తిరగకముందే ఇంకో పెళ్ళి చేసుకున్నాడు. మహానుభావుడు!

విచిత్రమేమిటంటే, మనిషి ఒళ్ళు చేసింది, ముఖం తేటపడింది. మచ్చ మాత్రం పెరుగుతూనే ఉంది. చిటికెన వేలు వంగడం మొదలైంది. ఇట్లాగే సాగితే ఆ చేయి పనికి రాకుండా పోతుంది. మందు పని చేయడం లేదని పై డాక్టరుకు రాశాను. మోతాదు పెంచమని జవాబొచ్చింది.

ఆ వారం గోలీలు నేనే ఆమె మందు దాచుకునే కుండలో పెడదామని మూత తీశాను. కుండలో సగం దాకా తెల్ల గోలీలే. ఎర్రది ఒక్కటీ లేదు.

ఒళ్ళు మండిపోయింది. "ఏందిది ఐలవ్వా? గింత దూరం సైకిల్ తొక్కుకుంట వచ్చుడు నీకు ఆటగున్నదా? చెయ్యి పోతదని ఎన్నిసార్లు చెప్పిన?"

"తెలుసు సారూ."

"తెల్సి గూడ మింగవా? పిచ్చి లేసిందా నీకు?"

ఆమె తల వంచుకుంది. "ఎర్రయి మింగుతున్న గద. కట్టెలు కొట్టుకోవాలె, నీళ్ళు తెచ్చుకోవాలె, బలం గావాలె. గీ తెల్లయి మింగితె మచ్చ పోతదంటివి. మచ్చ పోతె నువ్వెందుకొస్తవు సారూ?"

చేతిలోని మూత కుండ మీద పెట్టేశాను.

"నాలుగేండ్లాయె. నా చెయ్యి వట్టుకున్నది నువ్వొక్కనివే. మా అవ్వ గూడ తడక అవతల్నే నిలవడి మాట్లాడి పోతది," అంది.

నా కోపం ఎటు పోయిందో ఏమో, ఏడుపొచ్చింది. "నయమైనా వస్త. రాజన్న దేవుని మీద ఒట్టు. ప్రతి మంగళారం వస్త. జర మింగు," అన్నాను.

నా ఎదుటే మింగింది. ఆ తర్వాత ఒక్క రోజూ మానలేదు. రెండేళ్ళకు మచ్చ మాసిపోయింది. వంగిన వేలు అట్లాగే ఉండిపోయినా, చేయి దక్కింది. కార్డు మీద 'నయమైంది' అని రాసిచ్చాను. దాన్ని ఊళ్ళో అందరికీ చూపించింది. అయినా ఎవరూ గుడిసె దాకా రాలేదు.

"వచ్చే మంగళారం వస్తవు గద సారూ?" అని అడిగింది.

"రాకెక్కడికి పోత?" అన్నాను.

ఆ వారమే నన్ను ఎక్కడో దూరాన ఉన్న భైంసాకు మార్చారు. అక్కడ రోగులు ఎక్కువ, తీరిక తక్కువ. ఇట్లాంటి సాకులు నా దగ్గర చాలా ఉన్నాయి. ఐలవ్వ ఊరికి నేను మళ్ళీ ఒక్కసారి కూడా పోలేదు.