వంటింటి గోడలో బుస

నాన్న కుళాయిల పని చేస్తాడు. గోడ లోపల పైపు ఎక్కడ కారుతోందో తెలుసుకోడానికి ఆయన దగ్గర ఒక ఇనుప కడ్డీ ఉంది. ఒక కొన గోడకి ఆనించి, రెండో కొన చెవికి పెట్టుకుంటాడు. కారే చోట సన్నగా బుస వినిపిస్తుంది.

మా వంటింటి గోడలోనే బుస ఉందని ఆయన అన్నది, పెద్దాసుపత్రి నుంచి వచ్చిన మర్నాడు.

నాన్నకి గుండె నుంచి ఊపిరితిత్తులకి వెళ్లే పెద్ద రక్తనాళంలో అడ్డుపడింది, మొదట అనుకున్నట్టు గడ్డకట్టిన రక్తం కాదట. నాళం గోడలోంచే పుట్టిన క్యాన్సర్ కణితి అట. చాలా అరుదట. ఆ ముక్క కోసి తీసి వేరేది అతకాలి, ఆలస్యం చేస్తే మనిషి దక్కడు అంది డాక్టరమ్మ.

"పైపులో మట్టి అడ్డం పడితే పైపు కోస్తామా?" అన్నాడు నాన్న బయటికొచ్చాక. "రక్తం పలచన చేసే మాత్రలు ఇచ్చారుగా. అదే కరుగుతుంది."

"మట్టి కాదండీ, పైపే పాడైందంటోంది ఆవిడ," అంది అమ్మ.

"నువ్వెప్పుడు నేర్చావే ఈ పని?"

"పెళ్లయినప్పట్నుంచీ మీ సోది వింటున్నాగా, రాక చస్తుందా."

ఆ తర్వాత ఆపరేషన్ మాటెత్తితే చాలు, వంటింట్లోకి వెళ్లిపోయేవాడు. ఆయాసంతో నిలబడలేక గోడకి ఛాతీ ఆనించి, కడ్డీతో వినేవాడు. రెండు చోట్ల పగలగొట్టాడు. లోపల పైపు పొడిగా ఉంది. "ఇక్కడే ఉంది. దాక్కుంటోంది," అనేవాడు మెల్లగా. నేను మంచినీళ్లకి కూడా ఆ గదిలోకి ఒక్కదాన్నే వెళ్లేదాన్ని కాదు.

ఒక సాయంత్రం నన్ను పిలిచాడు. "నీ చెవి నాకంటే చురుకు. రా అమ్మలూ."

కడ్డీ పెట్టి విన్నాను. నాన్న పక్కనే గోడకి ఛాతీ ఆనించి ఉన్నాడు. నిజమే, ఉంది. స్స్... ఆగి, మళ్లీ స్స్... నీళ్లు కారితే అలా ఆగి ఆగి రాదు. ఆయన సుత్తి కోసం వంగాడు. బుస ఆగిపోయింది. లేచి ఆనుకున్నాడు. మళ్లీ వచ్చింది.

కడ్డీ ఆయన చేతికిచ్చి అన్నాను. "గోడకి ఆనుకోకుండా విను నాన్నా."

విన్నాడు. తర్వాత ఛాతీ ఆనించి విన్నాడు. సుత్తి కింద పెట్టేసి, తన ఛాతీ మీద చెయ్యి వేసుకున్నాడు.

"పైపే పాడైతే ఏం చేస్తావు?" అడిగాను.

"ముక్క కోసి కొత్తది వేస్తా," అన్నాడు. "ఆసుపత్రికి వెళ్దామని మీ అమ్మకి చెప్పు. తను చెప్పిందే నిజమని మాత్రం అనకు, నెత్తికెక్కి కూర్చుంటుంది."

ఆపరేషన్ రోజు నన్ను ఇంట్లోనే ఉంచారు, అవగానే ఫోన్ చేస్తానంది అమ్మ. గోడలో ఆ రెండు కన్నాలూ అలాగే ఉన్నాయి. కడ్డీ ఆనించి విన్నాను. ఏమీ లేదు. ఇన్నాళ్లూ భయపడిన ఆ చప్పుడు ఒక్కసారి వినిపిస్తే చాలనిపించింది.

ముందుగదిలో ఫోన్ మోగింది. కడ్డీ మీంచి చెవి తీయలేక, అక్కడే నిలబడ్డాను.