బోయిన్‌పల్లిని ఆపిన వేలు

కళ్ళద్దాలను చొక్కా అంచుతో తుడుచుకుని వరహాలబాబు మళ్ళీ యజ్ఞానికి కూర్చున్నాడు. యజ్ఞఫలం పేరు డీబగ్గర్: నడుస్తున్న ప్రోగ్రామును కోరిన చోట ఆపి, దాని కడుపులో ఏముందో చూపించే దివ్యాస్త్రం.

రాంగోపాల్‌పేట్‌లో బట్టలకొట్టు పైనున్న ఆ చిన్న కంపెనీ బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్ కాటాలకు ప్రోగ్రాములు రాస్తుంది. కొన్నాళ్ళుగా కొన్ని బస్తాలకు తప్పుడు బరువు పడుతోంది. సాయంత్రంలోగా కారణం తేలకపోతే ముందుగా ఖాళీ అయ్యేది వరహాలబాబు కుర్చీయేనని యజమాని సత్యదేవ్ పొద్దున్నే మర్యాదగా సెలవిచ్చాడు.

విజయనగరం నుంచి వచ్చిననాటి నుంచీ వరహాలబాబు పద్ధతి ఒకటే: ప్రోగ్రాములో అక్కడక్కడ 'వచ్చాను' అని పలికించి, ఆ పలుకు ఆగినచోట వెతకడం. దేన్నీ తాను ఆపడం ఆయన స్వభావంలో లేదు. పెళ్ళిభోజనాల వరుసలో వెనకవాళ్ళు ఆగిపోతారని పప్పు వడ్డించుకోకుండానే ముందుకు జరిగే మనిషి.

"అన్నా, జెర చూస్కొని డీబగ్గర్ తగిలియ్యి," అన్నాడు సెట్టింగులు రాసిపెట్టిన పురుషోత్తం. "రెండు పేర్లున్నయ్. పైది అసలు మార్కెట్‌ది, కిందిది మన టెస్టుది."

"చూసీసినాన్లేరా."

చూడలేదు. ఏదైనా పైనుంచి మొదలుపెట్టే క్రమశిక్షణతో అప్పటికే పైది నొక్కేశాడు.

అనుమానం ఉన్న లైను పక్కన ఎర్రచుక్క పెట్టాడు. రాజాజ్ఞ విన్న భటుడిలా ప్రోగ్రాము అక్కడే నిలబడిపోయింది. కాటా బదులివ్వకపోతే అంతకుముందు బస్తా బరువే వేయమంటోంది ఆ లైను. వీపున బస్తాతో హమాలీ నిలబడకూడదని, ఎప్పుడో, తానే రాసిన లైను.

ఇంతలో సత్యదేవ్ గదిలోంచి ఫోను పట్టుకుని పరుగున వచ్చాడు. ఫోనులో ఎవరో అరుస్తున్నారు: "ఏందీ పరేషాన్! కాటాలన్నీ బంద్! హమాలీలు బస్తాలు మోస్కొని నిలబడ్డరు!"

దండెత్తిన ఏ చక్రవర్తీ ఆపని బోయిన్‌పల్లిని వరహాలబాబు చూపుడువేలు ఆపేసింది. అదే వేలితో ఆయన డీబగ్గర్‌ను విడదీశాడు. ఫోనులో కాటాల కూతలు మళ్ళీ మొదలయ్యాయి.

సత్యదేవ్ చూపు పురుషోత్తం మీద వాలింది. "ఈ సెట్టింగులు రాసిందెవరు?"

పురుషోత్తం లేచి నిలబడ్డాడు. వరహాలబాబు ఒక్క క్షణం నోరు మెదపకుంటే కుర్చీ దక్కేది.

"ఆపీసింది నానే సార్. ఆ బరువుల తప్పూ నాదే. దొరికింది."

సత్యదేవ్ తలుపు వైపు చూశాడు. "రేపటి నుంచి విశ్రాంతి తీసుకోండి వరహాలబాబు గారూ. రావద్దనడం నాకు బాగోదు."

వరహాలబాబు ఆ లైనును సరిచేసి, పురుషోత్తానికి చూపించి, టిఫిన్ డబ్బా తీసుకున్నాడు. మెట్ల మీద ఎవరో బట్టల మూట మోసుకుని ఎదురొస్తే, గోడకు అతుక్కుని దారి ఇచ్చాడు.

పైన తెర మీద, సరిచేసిన లైను పక్కన, ఇక ఎవరినీ ఆపని ఎర్రచుక్క వెలుగుతూనే ఉంది.