అంచు మీది బొట్లు

మా ఇంట్లో పోలికల పంచాయితీ ఎప్పుడో తేలిపోయింది. తమ్ముడు మల్లేశ్ అచ్చం అమ్మ. అదే చామనచాయ, అదే గుండ్రటి మొహం, నవ్వితే ఎడమ బుగ్గ మీద అదే సొట్ట. నేను మా నాయిన అంజన్న పోలిక. పొడుగు ముక్కు, దాని మీద కోపం, రెండూ ఆయనవే. "మీసాలు లేని అంజన్న వస్తాంది జరుగుండ్రి" అని చిన్నప్పుడు ఊళ్లో అందరూ ఏడిపించేవాళ్లు. అన్నవాళ్లను ఊరికే వదిలానా? రాళ్లు పట్టుకొని వెంటబడ్డాను.

ఆ మల్లేశ్ కట్టంగూర్ దగ్గర హైవే మీద గొర్రెలను దాటిస్తూ లారీ కింద పడి పోయాడు. నా పెళ్లయిన మూడో ఏడు. వాడికింకా పెళ్లి కూడా కాలేదు. వాడి ఫోను నుజ్జయిందో, ఎవరైనా ఎత్తుకుపోయారో, దొరకనేలేదు. వాడొక్కడే ఉన్న ఫోటో ఇంట్లో ఆధార్ కార్డు మీదిది ఒక్కటే మిగిలింది. దాన్నే పెద్దది చేయించి ఫ్రేము కట్టించారు. ఆధార్ ఫోటో ఎట్లుంటుందో మీకు నేను చెప్పాలా? అమ్మ దాన్ని చూసిన మొదటి రోజే మొహం తిప్పుకుంది. "గీడెవడో నాకెరికలేదు. నా కొడుకు గాడు" అంది.

హాలియాలో మాకు జిరాక్సు షాపు ఉంది. మా ఆయన ఎల్లేష్ మిషన్ దగ్గర, నేను కంప్యూటర్ దగ్గర. తమ్ముడు పోయిన కొన్నాళ్లకు, మా పెళ్లి వీడియో తీసిన దివాకరన్న షాపుకొచ్చాడు.

"నాగరాణీ, మీ పెండ్లిది తీసిందంత నా పాత హార్డ్ డిస్కుల ఉన్నది. అది టకటక కొట్టుకుంటాంది, ఎప్పుడు పోతదో తెల్వది. మల్లేశ్ ఉన్నడు గద అండ్ల. కావాల్నంటే జల్ది తీస్కో" అన్నాడు.

"మాకు డీవీడీ ఇస్తివి గదన్నా?"

"డీవీడీల అన్ని పాటలేసిన. మాటలుండయి. అసలుదాంట్ల మాటలున్నయి."

నిజమే. మా దిక్కు పెళ్లి వీడియో అంటే మొదట్నుంచి చివరిదాకా సినిమా పాటలే. మనిషి నోరు కదులుతుంది, పాట వినిపిస్తుంది. అప్పగింతలప్పుడు తమ్ముడు మా ఆయన చేయి పట్టుకొని ఏదో అంటుంటాడు, వెనక ఎవడో గాయకుడు గొంతు చించుకుంటుంటాడు. వాడి గొంతు వినాలంటే ఆ టకటకలాడే హార్డ్ డిస్కే దిక్కు.

అదే రోజు మొత్తం మా కంప్యూటర్లోకి ఎక్కించుకున్నాను. కానీ హార్డ్ డిస్కులోంచి హార్డ్ డిస్కులోకి మారిస్తే ఏం లాభం? ఇదీ ఒకరోజు టకటకమంటుంది. బ్లూ-రే డిస్కు మీద రాసిపెట్టుకో, ఏండ్లకేండ్లు చెడిపోదు అని దివాకరన్నే చెప్పాడు. డీవీడీలైతే ఐదారు కావాలి, ఇదైతే పెళ్లంతా ఒక్కదాంట్లోనే పడుతుందట. "రాసే డ్రైవ్ కొనాలె. కంప్యూటర్ లోపట బిగించేది కొను, మంచిగ పనిజేస్తది" అన్నాడు.

హైదరాబాద్ పోయి కంప్యూటర్ దుకాణాలన్నీ తిరిగాను. ఒకచోట కుర్చీలో వాలిన దుకాణదారు నవ్వాడు. "బ్లూ-రే రైటరా? అక్కా, గవి ఇప్పుడెవ్వలు కొంటలేరు. పెన్ డ్రైవ్ కొనుక్కపో."

"నా తమ్ముణ్ణి పెన్ డ్రైవ్‌ల పెట్టి బట్టలతోటి ఉతుక్కోవాల్నా?" అని గయ్యిమన్నాను. పాపం, ఆయనకేం తెలుసు. లేచి అటక మీంచి దుమ్ము పట్టిన పెట్టె దించాడు. ఖాళీ డిస్కులు రెండే ఉన్నాయంటే ఆ రెండూ తీసుకున్నాను.

ఇప్పుడొచ్చే కంప్యూటర్ డబ్బాలకు ముందువైపు డ్రైవ్ పెట్టే జాగానే ఉండటం లేదు. మాది పాతది కాబట్టి బతికిపోయాం. పక్క రేకు ఊడదీసి, ముందున్న ప్లాస్టిక్ మూత పీకి, డ్రైవ్‌ను లోపలికి తోసి రెండు వైపులా స్క్రూలు బిగించాను. కరెంటు వైరు ఒకటి, మదర్‌బోర్డుకు పోయే వైరు ఒకటి. ఆన్ చేసి బటన్ నొక్కగానే ట్రే నాలుక చాపినట్టు బయటికొచ్చింది. "నిన్ను ఎక్కిరిస్తాంది సూడు" అన్నాడు ఎల్లేష్. తమ్ముడు పోయాక మేమిద్దరం నవ్వింది అప్పుడే.

మొదటి డిస్కు సగం రాస్తుండగా కరెంటు పోయింది. యూపీఎస్ కుయ్యోమని రెండుసార్లు మూలిగి ఆరిపోయింది. రాయడం మొదలుపెట్టాక మధ్యలో ఆగిందంటే ఆ డిస్కు ఇక చెత్తే. కరెంటోళ్లను, యూపీఎస్ అమ్మినవాణ్ణి, పక్కనున్నందుకు ఎల్లేష్‌ను తిట్టి, రెండోది పెట్టాను. డిస్కు నడుమ నుంచి అంచు వైపు రాసుకుంటూ పోతుంది. నడిమిట్లో పసుపు దంచుడు, దాని చుట్టూ మంగళస్నానాల మైలపోలు, ఆ తర్వాత తలంబ్రాలు. చిట్టచివర, అంచు మీద, అప్పగింతలు.

సరిగ్గా పడ్డదో లేదో చూడాలి కాబట్టి చివరిది పెట్టి విన్నాను.

"బావా, మా అక్కకు కోపమెక్కువ. తిట్టినప్పుడు గొర్ల కాడికి ఉరుకు. నేను గట్లనే బతికిన" అంటున్నాడు తమ్ముడు. చుట్టూ నవ్వులు. కెమెరా నాయిన వైపు తిరిగింది. తువ్వాల నోట్లో కుక్కుకొని ఏడుస్తున్నాడు. తమ్ముడు పోయి ఆయన భుజం మీద చేయి వేశాడు.

"ఊకో నాయినా. నేనున్న గద."

షాపు షట్టర్ దించి ఏడ్చాను. మళ్లీ వినలేదు. ఫోనులోకి ఎక్కించుకోవచ్చు కదా అంటారు, నాకు తెలుసు, అందరూ అదే అన్నారు. తమ్ముడి గొంతు సంచిలో వేసుకొని బజారుకు పోయే ధైర్యం నాకు లేదు, అంతే.

డిస్కు తీసుకెళ్లి అమ్మ చేతిలో పెట్టాను. ఇంట్లో ఉన్న డీవీడీ ప్లేయర్ దీన్ని చదవదు. "మీకు ఇనబుద్ధయితే చెప్పుండ్రి, కంప్యూటరే పట్టుకొస్త. తమ్ముడు దీంట్లనే ఉన్నడమ్మా, పైలంగ దాచిపెట్టు" అన్నాను. నాయిన మంచంలో గోడ వైపు తిరిగాడు. "నా ముంగట పెట్టకుండ్రి" అన్నాడు. అమ్మ డిస్కును కండ్లకద్దుకొని దేవుని అర్రలోకి తీసుకుపోయింది.

ఆ తర్వాతి వానకాలం పిడుగుకు షాపులో కంప్యూటర్ మాడింది. హార్డ్ డిస్కు పోయింది, మదర్‌బోర్డు పోయింది. డిస్కు రాసే ఆ డ్రైవ్, బర్నర్, ఒక్కటే బతికింది. దివాకరన్న హార్డ్ డిస్కు అంతకు ముందే చచ్చింది. ఎల్లేష్ మొహం వేలాడేస్తే నేనే ధైర్యం చెప్పాను. "ఫికర్ జెయ్యకు, అమ్మ కాడ ఉన్నది గద." బర్నర్‌ను ఊడదీసి మరో పాత డబ్బాలో బిగించి ఉంచాను.

పోయినేడు షుగర్ నాయిన కండ్లను తినేసింది. నల్లగొండలో చూపించాం, హైదరాబాద్‌లో చూపించాం. చూపు రాదన్నారు. గొర్రెలను అమ్మేశాం. రోజంతా మంచంలో కూర్చొని, వాకిట్లో ఎవరు నడిచినా ఎవరని అడుగుతుండేవాడు. ఈ ఏడు, పోయిన పెద్దలకు బియ్యమిచ్చే పెత్రమాస ముందు నేను పోయి అన్నం కలిపి పెడుతుంటే నా మణికట్టు పట్టుకున్నాడు.

"బిడ్డా, అప్పగింతల కాడ వాడు నాతోని ఒక మాటన్నడు. గా మాట వాని నోటెంట ఒక్కసారి ఇనాలె. ఇంకేమొద్దు నాకు."

ఇన్నేళ్లు గోడకు తిరిగిన మనిషి ఆ మాట అడిగాడు. కండ్లు లేనోడికి ఫోటో ఎందుకు, పాటలేసిన డీవీడీ ఎందుకు? ఆ ఒక్క మాటే కదా కావలసింది. "రేపే ఇనిపిస్త నాయినా" అని చెయ్యి కడుక్కొని దేవుని అర్రలోకి పోయాను.

డిస్కు దేవుని పటాల నడుమ నిలబెట్టి ఉంది. డబ్బా లేదు, కవరు లేదు. మెరిసే వైపు బయటికి పెట్టి ఉంది. దాని అంచు చుట్టూ గడపకు పూసినట్టు పసుపు, పసుపు మీద వరసగా కుంకుమ బొట్లు. ముందు దీపం.

"అమ్మా!" అని నేను అరిచిన అరుపుకు వాకిట్లో కోళ్లు చెదిరిపోయాయి.

అమ్మ పరుగున వచ్చింది. "ఏమైంది బిడ్డా, పామా?"

"గిదేందే? గీ బొట్లేంది?"

"అమాస అమాసకు పెడ్త గద. పాతయి తోమి కొత్తయి పెడ్త."

"తోముడా? దేంతోటి తోమినవే?"

"దీపం కుందులు దేంతోటి తోముతం? చింతపండు, బూడిద. నడుమ తోమలే బిడ్డా, నడుమ వాడుంటడు గద. అంచులే తోమిన. బొట్లు పెట్టేది అంచుకే గద."

"నీకు మతుందా అసలు? అదేమన్న గిన్నెనా తోమనీకె? నాశనం జేసినవ్ గదనే!" ఇంకా చాలా అన్నాను. అవన్నీ ఇక్కడ చెప్పను. నేను ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు అమ్మ మెల్లగా అంది.

"నువ్వే చెప్తివి, తమ్ముడు దీంట్లున్నడని. ఉన్నడు బిడ్డా. పొద్దుగాల లేవంగనే సూస్త. కనవడ్తడు."

"యాడ కనవడ్తడు?"

అమ్మ డిస్కు అందుకొని మొహానికెదురుగా పట్టుకుంది. "గిడ."

అది మామూలు సీడీలా తెల్లగా మెరవదు, నల్లటి అద్దంలా ఉంటుంది. నెరిసిన జుట్టు తెలియదు, ముడతలు తెలియవు. అమ్మ భుజం మీంచి నేనూ తొంగిచూశాను. చామనచాయ, గుండ్రటి మొహం. అమ్మ దాన్ని చూసి కొంచెం నవ్వింది. ఎడమ బుగ్గ మీద సొట్ట పడింది.

హాలియాకు తెచ్చి, ఎల్లేష్, నేను మెత్తటి గుడ్డ తడిపి నడుమ నుంచి అంచు వైపు తుడిచాం. పసుపు పోయింది. గీతలు పోలేదు. బర్నర్లో పెట్టాను. గిర్రున తిరిగింది, ఆగింది, మళ్లీ తిరిగింది. స్క్రీను మీద ఫైళ్ల పేర్లు కనబడేసరికి ప్రాణం లేచొచ్చింది. పసుపు దంచుడు వచ్చింది. మైలపోలు వచ్చింది. తలంబ్రాలు నత్తలా నడిచి నడిచి వచ్చాయి. అప్పగింతల దగ్గర బర్నర్ గరగరమంది, ట్రే బయటికి తోసేసింది. మళ్లీ పెట్టాను. మళ్లీ తోసింది. దివాకరన్న తన మిషన్లో పెట్టి చూశాడు, హైదరాబాద్‌లో తెలిసినవాళ్లకు పంపి చూపించాడు. చివరికి తిరిగి నా చేతిలో పెట్టాడు.

"లోపట్ది మొత్తం మంచిగున్నది నాగరాణీ. అంచు ఒక్కటే గీకి గీకి పోయింది."

ఆ అంచు ఒక్కటే కదన్నా నాకు కావలసింది!

వచ్చినంతవరకు ఫోనులో వేసుకొని, చిన్న స్పీకర్ పట్టుకొని ఊరికి పోయాను. అమ్మ తలుపు దగ్గరే నిలబడింది. నాయిన తలకు నూనె రాయించుకొని, కొత్త తువ్వాల భుజాన వేసుకొని మంచం మీద కూర్చున్నాడు. పెట్టాను. రోకళ్ల చప్పుడు. ఆడవాళ్ల పాట. "గది అమృతమ్మ గొంతు" అన్నాడు. డప్పులు మోగాయి. "గీ డప్పుల కాడ వాడు ఎగిరిండు, దుమ్ము లేపిండు" అని చెయ్యి ఊపాడు. తలంబ్రాల గోల అయిపోయింది. స్పీకర్ ఆగింది. నాయిన ముందుకు వంగి, చెవి అటే పెట్టి కూర్చున్నాడు.

"ఆగిందేంది బిడ్డా? ఇంక వాడు రాలే."

"గింతే వచ్చింది నాయినా. కడమది పాడైంది."

"ఎట్ల పాడైంది?"

తలుపు దగ్గర అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మిషన్ల పాడైంది" అన్నాను.

నాయిన నా చెయ్యి వెతికి పట్టుకున్నాడు. "వాడన్నది నువ్విన్నవ్ గద. అను."

నేను గొంతు సవరించుకున్నాను. "ఊకో నాయినా. నేనున్న గద."

తల అడ్డంగా ఊపాడు. "గట్ల గాదు."

కొంచెం గొంతు తగ్గించి, తమ్ముడు అన్నట్టే అనబోయాను. సగంలోనే నా గొంతు విరిగింది.

"గాదు బిడ్డా. తియ్, ఇగ ఊకో" అని చెయ్యి వదిలి గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

అమ్మ నా సంచిలోంచి డిస్కు తీసుకుంది. "బొట్లు పెట్టను బిడ్డా ఇగ. ఒట్టు" అంది.

"పెట్టుకో అమ్మా. ఇప్పుడేం గాదు" అన్నాను. అమ్మ దాన్ని పాత జాగాలోనే నిలబెట్టి, ఒకసారి చూసుకొని, నాయినకు చాయ్ పెట్టడానికి పోయింది.

నేనొక్కదాన్నే అర్రలో మిగిలాను. డిస్కు తీసి మొహం ముందు పెట్టుకున్నాను. వెలుతురుకు తిప్పి చూశాను, దగ్గరికి పెట్టుకొని చూశాను, నవ్వి కూడా చూశాను. పొడుగు ముక్కు, ఏడ్చి ఉబ్బిన కండ్లు, మీసాలు లేని అంజన్న. మల్లేశ్ లేడు.